ఘటసర్పము: ఒక శబ్దము, కొన్ని కథలు

ఆంగ్లేయులు డ్రాగన్ అని పిలుచు జంతువునకు దెలుగున నేపేరు పెట్టవలెనను ప్రశ్న పాఠశాలా పండితులకు నేడు తఱచుగా నెదురగుచున్నది. బాలురు దానిని తెఱమీద జూచుచున్నారు, అచ్చుపుస్తకములలో జదువుచున్నారు, వాచకమున కాళియమర్దన ఘట్టము వచ్చునప్పటికి "ఇదియు నదియు నొక్కటియేనా?" యని యడుగుచున్నారు. అనువాదకులలో గొందఱు డ్రాగన్ అనియే తెలుగులిపిలో వ్రాసి తప్పుకొనుచున్నారు. కొందఱు నాగమనుచున్నారు. పేరునుబట్టి కథయొక్క యర్థము మాఱును గావున దీనిని బాలభాషితమని త్రోసివేయుట తగదు. ఈ విచారమునకు బందరు దివిసీమల ప్రాంతము తగిన చోటు. ఏలయన నిచ్చట సర్పము కథలలో మెలగు జంతువు మాత్రమే గాదు, ఇలవేలుపు.

మొదట నిఘంటువును జూతము. అమరసింహుడు సర్పమునకు జెప్పిన పర్యాయపదముల వ్యుత్పత్తిని పరిశీలింపుడు. ఉరగము ఱొమ్ముతో బోవునది. పన్నగము పాదములతో బోవనిది. గూఢపాత్తు దాగిన పాదములు గలది. బిలేశయము కన్నమున బరుండునది. పవనాశనము గాలిని మేయునది. చక్షుశ్శ్రవము కంటితోనే వినునది. ఈ పట్టికలో రెక్కలు గలదని గాని, నాలుగుకాళ్లతో నడచునదని గాని, నోట నగ్ని గ్రక్కునదని గాని చెప్పు పేరొక్కటియు లేదు. విషమున్నది, మంట లేదు. గ్రీకుల ద్రాకోన్ శబ్దము సయితము చూచుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినదని భాషాశాస్త్రజ్ఞుల మతము. ఆ ధాతువును మన దృశ్ ధాతువును తోబుట్టువులు. తీక్ష్ణముగా జూచునది యని మాత్రమే దాని యర్థము. రెక్కలును కాళ్లును ఐరోపాఖండమున మధ్యయుగములలో దానికి స్థిరపడినవి.

మనకు రెక్కయు పడగయు బద్ధవైరులు. కద్రూవినతల పందెమునుండి నాగులకును గరుత్మంతునకును గల పగ యాదిపర్వమున విస్తరముగా జెప్పబడినది. పాశ్చాత్యుల డ్రాగన్ వైనతేయుని రెక్కలు దెచ్చి వాసుకి కతికించినట్లున్నది. ఆ రెండును నొకే దేహమున నిముడునని మన పౌరాణికు లెన్నడును దలపలేదు. కావున దానిని నాగమనుట శబ్దశాస్త్రము ననుసరించియు, కథాశాస్త్రము ననుసరించియు గూడ పొసగదు.

తెలుగున దీనికి సిద్ధమైన మాట యొకటి లేకపోలేదు. క్రైస్తవుల ప్రకటనగ్రంథమున బది కొమ్ములు, ఏడు తలలు గల యెఱ్ఱని డ్రాగన్ కనబడును. దానిని దెలిగించినవారు ఘటసర్పమనిరి. కన్నడానువాదమునను నిదియే శబ్దము. తమిళులు వలుసర్పమనిరి, హిందీవారు అజగరమనిరి. ఘటసర్ప శబ్దము వారు క్రొత్తగా గల్పించినది కాదు. కన్నడశాసనములలో నొక దివ్యపరీక్షకు నీపేరున్నది: కుండలో బాము నుంచి, నేరారోపణ పొందినవానిచే నందు చేయి పెట్టించుట. అచ్చట సమాసము సప్తమీతత్పురుషము, ఘటమునందలి సర్పము. డ్రాగన్ విషయమున నీ విగ్రహము కుదురదు. అంత జంతువు నే కుండలో నిఱికింపగలము? ఘటమనగా దేహమని తెలుగువాడుక గలదు గదా, మొండిఘటమను చోట వలె. మహాదేహము గల సర్పమని చెప్పుకొన్నచో బాధలేదు. మహారాష్ట్రులు మాత్రమీ శబ్దమును గొంతుకు వచ్చు నొక ఘోరవ్యాధికి బెట్టుకొనిరి. శబ్దముల గతి విచిత్రము.

నాకీ మాట నచ్చుటకు వ్యాకరణముకంటె బలమైన కారణ మొకటి గలదు. ఘటసర్పమునకు బాలు పోసినవా రెవరును లేరు. నాగశబ్దమన్ననో, కార్తికశుద్ధ చవితినాడు దివిసీమలో బుట్టయొద్ద కేగని కుటుంబ మరుదు. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడు సర్పపు చుట్టలమీద లింగరూపమున వెలసియున్నాడు. సంతానార్థులై యచ్చటికి బోయివచ్చిన దంపతులు బిడ్డకు సుబ్బారావనియో, సుబ్బమ్మయనియో, నాగేశ్వరరావనియో పేరు పెట్టుదురు. ఏ పాఠశాల హాజరుపట్టీ తెఱచినను నీ పేర్లు కనబడును. పశువులను మ్రింగి, యూళ్లు గాల్చు నొక క్రూరమృగమునకు నాగమని పేరిడి, యా పిల్లలకే కథ చెప్పుట యెట్టిదో పెద్దలే యూహింపవలెను.

మోపిదేవికి ఉత్తరమున గొలది క్రోసుల దూరములోనున్న ఘంటసాల ప్రాచీనబౌద్ధక్షేత్రము. నాగార్జునకొండ శాసనమున గంటకసేల మహాచైత్యము పేర్కొనబడినది. గ్రీకు భూగోళశాస్త్రజ్ఞుడు టాలెమీ వ్రాసిన కొంటకొస్సైల యిదియే యని విద్వాంసుల నిర్ణయము. ఈ నదీతీరపు బౌద్ధులు నిధిని గాచు సర్పముయొక్క కథను ఱాతిపై జెక్కియుంచిరి. అశోకుడు బుద్ధధాతువులను దేశమంతట బంచుటకై పూర్వస్తూపములను ద్రవ్వించెను. రామగ్రామస్తూపమును మాత్రము నాగులు గాచుచుండగా, వారి భక్తిని జూచి దానిని ముట్టక మఱలెను. అమరావతి ఫలకములపై నాగులు పెనవేసికొనిన స్తూపము ఆ రామగ్రామస్తూపమే. సార్వభౌముడు సర్పముముందు వెనుదీసి పోవుట, అది యపజయముగా నెంచబడకుండుట, ఈ కథలోని విశేషము. ఆంగ్లేయుల యాదికావ్యమైన బేవుల్ఫున గూడ నిధిని గాచు ఘటసర్పము గలదు. ఒకడు గిన్నెను దొంగిలించును. అది కోపించి యిండ్లు దగులబెట్టును. వృద్ధుడైన రాజు దానిని జంపి, తానును జచ్చును. నిధి యొకటియే, కాపరి యొకటియే. కథ పోవు దిక్కు వేఱు.

మనవారు సర్పమును జంపనే లేదాయని యెవరైన నడుగవచ్చును. వృత్రుడున్నాడు. జలములను నిరోధించి పరుండిన యా యహిని ఇంద్రుడు వజ్రముతో జంపి నీటిని విడిపించెను. వైయాకరణులకు వృత్రుడు ప్రియబంధువు. వృత్రహశబ్దమునకు బాణిని ప్రత్యేకముగా సూత్రము చేసెను. అంతకంటె ముఖ్యమైనది ఇంద్రశత్రు శబ్దకథ. త్వష్ట యింద్రుని జంపు కుమారుని గోరి హోమము చేయుచు, నంతోదాత్తముగా బలుకవలసిన సమాసము నాద్యుదాత్తముగా బలికెను. తత్పురుషము బహువ్రీహి యయ్యెను. ఇంద్రుని జంపువాడనుటకు మాఱుగా ఇంద్రుడు చంపువాడుగా గలవాడని యర్థమయ్యెను. ఒక మహాసర్పము స్వరదోషముచే జచ్చిన కథ యే దేశమున నున్నదో నే నెఱుగను. మహాభాష్యకారుడు వ్యాకరణప్రయోజనములలో దీనిని జేర్చుట యుక్తమే.

వృత్రుని వదలినచో, మన సర్పకథలలో బ్రధానమైనది చంపుట గాదు, సంభాషించుట. కాళియుని పత్నులు ప్రార్థింపగా గృష్ణుడతనిని సముద్రమునకు బంపెను. జనమేజయుని సర్పయాగమును బాలుడైన యాస్తీకుడు స్తుతివాక్యములచే నాపెను; భారతము మనకు దక్కినది యా యాగశాలలోనే గదా. ఆరణ్యపర్వమున భీముని జుట్టుకొనిన యజగరము ధర్మరాజును బ్రశ్నలడుగును. అతడు సరిగా నుత్తరమీయగా దమ్ముని విడిచి, నహుషుడై స్వర్గమునకు బోవును. పల్లకి మోయు నగస్త్యుని "సర్ప, సర్ప" యని తొందరపెట్టి, సృప్ ధాతువుయొక్క లోట్టు రూపముతోనే సర్పమైపోయిన రాజతడు. మాటచే బామై, మాటచే విముక్తుడయ్యెను.

ఇక జదువదగిన గ్రంథములను గూర్చి. నా కొలబద్ద యీ కథయే: సర్పము మాటలాడునా, లేదా?

మొదట జెప్పవలసినది మన మండలమువారిదే. నందమూరున 1895లో జన్మించి, బందరులో విద్య నభ్యసించిన విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు. సుబ్బన్నపేటలో వెలసిన సుబ్రహ్మణ్యేశ్వరుని వేయి పడగలు ధర్మమున కంగములు. కాలము మాఱుకొలది యవి తఱిగి, తుదకు దాంపత్యమునకు గుఱుతుగా రెండే మిగులును. పి. వి. నరసింహారావుగారు దీనిని సహస్రఫణ్ అను పేర హిందీలోనికి బరివర్తించిరి. గ్రంథము దీర్ఘము, చర్చలు కొన్నిచోట్ల గథను గప్పివేయును. అయినను నాగభావనను నవలయందు నిలిపిన తెలుగుగ్రంథములలో దీనికి సాటిలేదు.

ఆంగ్లమున ఆక్స్‌ఫర్డు ఆచార్యుడైన టోల్కీను 1937లో బ్రకటించిన హాబిట్ చదువదగినది. ఆయన మనవంటి శబ్దశాస్త్రపరుడు. బేవుల్ఫులోని రక్కసిమృగములను దక్కువచేసి మాటలాడు విమర్శకులను 1936లో నొక యుపన్యాసమున గట్టిగా ఖండించెను. హాబిట్ కథలో స్మాగ్ అను ఘటసర్పము బంగారుపుప్రోవుపై బరుండియుండును. అదృశ్యుడై వచ్చిన యల్పకాయుడు దానితో బ్రహేళికలతో సంభాషించును. ఆ మాటలలోనే దాని ఱొమ్మున నొకచోట రక్ష లేదని తెలియును. ఆ ఘట్టము చదువునపుడు నాకు నహుషుడే జ్ఞప్తికి వచ్చును. కాని స్మాగ్ బాణముచే జచ్చును. విముక్తి లేదు.

అంతకంటె నా కెక్కువగా నచ్చినది అమెరికా రచయిత్రి ఉర్సులా లె గ్విన్‌గారి ఎర్త్‌సీ మాంత్రికుడు, 1968 నాటిది. అందు బ్రతివస్తువునకు నొక నిజనామము గలదు. అది తెలిసినవానికి వస్తువు వశమగును. గెడ్ అను యువకుడు పెండర్ ద్వీపమునకు బోయి, పిల్లసర్పములను గొన్నిటిని జంపినను, వృద్ధసర్పమును దాని పేరు బలికి శపథముచే గట్టివైచును. శబ్దార్థసంబంధము నిత్యమని పాఠము చెప్పు మనకు నీ కథ కొత్తగా దోపదు. ఉన్నత పాఠశాలా విద్యార్థులకు దీనిని నిస్సంకోచముగా జెప్పవచ్చును.

దృశ్యములలో గేమ్ ఆఫ్ థ్రోన్స్ 2011 మొదలు 2019 వఱకు నడచి లోకప్రసిద్ధి పొందినది. రక్తపాతమును, అశ్లీలమును మెండు; బాలురకు దగదు. సర్పములు మూగవి, యుద్ధపుటేనుగులవలె నాజ్ఞకు లోబడి మంట గ్రక్కును. అయినను వైయాకరణులు దానియందొక విషయమును గమనింపవలెను. ఆ సర్పముల నాజ్ఞాపించు భాషను డేవిడ్ పీటర్సన్ అను భాషావేత్త సమగ్రవ్యాకరణముతో నిర్మించెను. అందు సంబోధనతో గూడ నెనిమిది విభక్తులు; వచనములు నాలుగు, కొలది సంఖ్యకును సమూహమునకును వేఱువేఱు రూపములు. ద్వివచనమే బరువని మొఱపెట్టు మన విద్యార్థులు దానిని వేడుకతో వల్లించుచున్నారు! బాలురకు హితమైనది క్రెసిడా కవెల్‌గారి 2003 నాటి పుస్తకమునుండి 2010లో వెలువడిన చలనచిత్రము. సర్పమును జంపవలసిన బాలుడు చంపలేక దానితో జెలిమి చేయును. పుస్తకమున నతనికి సర్పభాష వచ్చును. చిత్రమున దానిని దీసివేసిరి. అది లోపమే.

మన చిత్రములలో 1951 నాటి పాతాళభైరవి బందరు నాటకరంగమున నాఱితేఱిన పింగళి నాగేంద్రరావుగారి రచన. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యముగారు 1954లో దోకచుక్కతో మొదలిడిన ధారావాహికలును బాలుర కిప్పటికిని బఠనీయములు.

నాగశబ్దమును డ్రాగనునకు వాడినవారు పూర్వము లేకపోలేదని యొక యాక్షేపము రావచ్చును. చీనాదేశపు బౌద్ధానువాదకులు నాగశబ్దమును లుంగ్ అను తమ డ్రాగన్ పేరుతోనే యనువదించిరి. నాగార్జునాచార్యునకు వారిచ్చిన పేరునందు నదియే యున్నది. ఆ యాచార్యుడు నాగలోకమునకు బోయి, నాగులు దాచియుంచిన మహాయానగ్రంథములను దెచ్చెనని చీనాభాషలోని యాయన చరిత్రము చెప్పును. అయితే చీనావారి లుంగ్ వర్షము నిచ్చునది, జలాధిపతి, పూజ్యము. దానికి నాగమనుట యనుచితము గాదు. కాబట్టి తూర్పుదానిని నాగమనియు, పడమటిదానిని ఘటసర్పమనియు వ్యవహరింపవలెనని నా మనవి. లె గ్విన్‌గారి మాటలాడు వృద్ధసర్పమునకు మాత్రమీ రెండును సరిపడవు. దేవాలయస్తంభములపై గానవచ్చు మిశ్రమృగమునకు శిల్పులు వ్యాళమను పేరు పెట్టియున్నారు. అమరుడు దానిని సర్పమునకును జెప్పెను. ఆ శబ్ద మిచ్చట నొప్పునేమో విద్వాంసులు విచారింతురు గాక.