నీరు త్రాగడం - శరీర బరువు

నీరు త్రాగడం వలన శరీర బరువు తగ్గుతుందని విస్తృతంగా ప్రచారంలో ఉంది. నీటిలో శక్తినిచ్చే పదార్థమేదీ లేదు. అలాగే కొవ్వును కరిగించే గుణం కూడా నీటికి లేదు. అయితే భోజనానికి ముందు నీరు త్రాగినవారిలోను, తీపి పానీయాలు మాని వాటి బదులు నీరు త్రాగినవారిలోను బరువు కొద్దిగా తగ్గినట్లు పరిశోధనలు తెలుపుతున్నాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వంటి మెట్ట ప్రాంతాలలో భూగర్భ జలంలో ఫ్లోరైడు సమస్య కలదు. కనుక ఇక్కడివారు ఎంత నీరు త్రాగాలి అన్నదాని కంటే ముందు ఏ నీరు త్రాగాలి అన్నది తెలుసుకోవడం అవసరం.

శక్తి లెక్క

ఆహారం ద్వారా లభించే శక్తి కంటే శరీరం ఖర్చు చేసే శక్తి ఎక్కువైనపుడే కొవ్వు తగ్గుతుంది. ఒక కిలో శరీర కొవ్వులో సుమారు 7,700 కిలో కేలరీల శక్తి నిల్వ ఉంటుంది. 22 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న అర లీటరు నీటిని శరీర ఉష్ణోగ్రతకు తేవడానికి కావలసినది 7.5 కిలో కేలరీలు మాత్రమే. ఇది అర చెంచా చక్కెరలో ఉండే శక్తి కంటే తక్కువ. ఎండలో పనిచేసినపుడు చెమట ద్వారా తగ్గే బరువు నీటి బరువే గాని కొవ్వు కాదు. నీరు త్రాగగానే అది తిరిగి వస్తుంది.

పరిశోధనలు

2003లో జర్మనీలో జరిగిన ఒక ప్రయోగంలో, అర లీటరు నీరు త్రాగిన తరువాత శరీరం శక్తిని ఖర్చు చేసే వేగం సుమారు 30 శాతం పెరిగినట్లు ప్రకటించారు. 2006లో స్విట్జర్లాండులో జరిగిన ప్రయోగంలో ఈ ఫలితం కనిపించలేదు. బాగా చల్లని నీరు త్రాగినపుడు మాత్రం స్వల్పమైన పెరుగుదల కనిపించింది.

భోజనానికి ముందు నీరు త్రాగడంపై జరిగిన ప్రయోగాలు ఇంతకంటే ఆశాజనకంగా ఉన్నాయి. 2010లో అమెరికాలోని వర్జీనియాలో మితాహారం పాటిస్తున్న పెద్ద వయసువారిపై 12 వారాల ప్రయోగ ఫలితాలు వెలువడ్డాయి. భోజనానికి ముందు అర లీటరు నీరు త్రాగినవారు మిగిలినవారి కంటే సుమారు 2 కిలోలు అధికంగా తగ్గారు. 2015లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో 84 మంది స్థూలకాయులపై జరిగిన ప్రయోగంలో ఈ తేడా 1.3 కిలోలు. కడుపు కొంత నిండినట్లుండి ఆహారం తక్కువ తినడమే ఇందుకు కారణమని భావిస్తారు. ఈ ప్రయోగాలు చిన్నవి, కొద్ది కాలం పాటు జరిగినవి.

పానీయాల మార్పు

నీటి వలన నిజమైన లాభం చక్కెరను తగ్గించడంలో ఉంది. 300 మి.లీ. కూల్‌డ్రింకులో సాధారణంగా 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. రోజుకు నాలుగుసార్లు, రెండేసి చెంచాల చక్కెరతో టీ త్రాగేవారికి చక్కెర ద్వారానే సుమారు 160 కిలో కేలరీలు చేరతాయి. హిందూపురం బెల్లం వ్యాపారానికి పేరు పొందిన పట్టణం. బెల్లం చక్కెర కంటే మేలని ప్రజల నమ్మకం. కాని బరువు విషయంలో రెండింటికీ తేడా స్వల్పమే. వేడినీటిలో తేనె కలిపి త్రాగితే కొవ్వు కరుగుతుందన్నది కూడా సరికాదు, ఎందుకంటే తేనె ప్రధానంగా చక్కెరలతో కూడినది. చక్కెర కలపని పలుచని మజ్జిగ మంచి ప్రత్యామ్నాయం.

ఫ్లోరైడు సమస్య

ఈ మూడు పట్టణాలు 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుండి ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. వర్షపాతం తక్కువ కావడం వలన ప్రజలు చాలాకాలంగా బోరుబావులపై ఆధారపడ్డారు. రాతి పొరలలోని ఖనిజాల నుండి ఫ్లోరైడు నీటిలో చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అంతకు రెట్టింపు, అనగా లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల నీటిని రోజుకు 2 లీటర్లు త్రాగేవారికి 6 మిల్లీగ్రాములు చేరితే, బరువు తగ్గాలని 4 లీటర్లు త్రాగేవారికి 12 మిల్లీగ్రాములు చేరుతుంది. అధిక ఫ్లోరైడు ఏళ్ల తరబడి చేరితే దంతాలపై మచ్చలు, ఎముకలు కీళ్లు బిగుసుకుపోవడం సంభవిస్తాయి.

నీటిని కాచినందువలన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై దాని గాఢత పెరుగుతుంది కూడా. పటిక, సున్నం వాడే నల్గొండ విధానం, ఉత్తేజిత అల్యూమినా, రివర్స్ ఆస్మోసిస్ దీనిని తగ్గించే పద్ధతులు. 1995-96లో చేపట్టిన శ్రీ సత్యసాయి మంచినీటి పథకం ఉమ్మడి అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు త్రాగునీటిని అందించింది.

జాగ్రత్తలు

* రోజుకు 8 గ్లాసుల నీరు అందరికీ తప్పనిసరి అనడానికి గట్టి ఆధారం లేదు. అవసరం ఎండను, పనిని, వయసును బట్టి మారుతుంది. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీరు సరిపోతున్నట్లే.
* కొద్ది సమయంలో అనేక లీటర్లు త్రాగితే రక్తంలో సోడియం తగ్గి ప్రాణాపాయం కలుగవచ్చు.
* గుండె, మూత్రపిండాల వ్యాధులు ఉన్నవారు నీటి మోతాదును వైద్యుని సలహాతోనే నిర్ణయించుకోవాలి.
* బోరు నీరు త్రాగేవారు మోతాదు పెంచే ముందు నీటిని పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఇవి కూడా చూడండి

* స్థూలకాయం
* ఫ్లోరోసిస్
* శ్రీ సత్యసాయి జిల్లా