ఒరిగిన పడవలో మెట్లు

కంపానియన్‌వే: తెరచాప పడవలో చుక్కాని పట్టే కాక్‌పిట్ నుంచి కింది గదిలోకి దిగే దారి. పేరులో స్నేహితుడు కనిపిస్తాడు గానీ నేరుగా చుట్టరికం లేదు. తిండి సరుకుల గదికి ఇటాలియన్లు పెట్టుకున్న పేరు డచ్చి నావికుల నోట నలిగి ఇంగ్లీషులోకి చేరింది.

నిటారు: ఒకటిన్నర మీటర్ల లోతుకి ఇంటి మెట్ల వాలు పెడితే రెండు మీటర్లకు పైగా నేల వాటికే పోతుంది. అందుకే ఇవి మెట్లకూ నిచ్చెనకూ మధ్యరకం. అటక దిగినట్టు వాటివైపు ముఖం పెట్టి దిగాలి. చోటు కలిసొస్తుందని కుడి ఎడమ పాదాలకు విడివిడి మెట్లు పెట్టేవాళ్లున్నారు. చీకట్లో తప్పు కాలు ముందు పడితే ఏమవుతుందో తలుచుకుంటే, నేనైతే పెట్టించను.

మెట్టు: చిక్కంతా ఇక్కడే. పాత మెట్లు తీసి కొత్తవి చేయించేవాళ్లు రేవులో కదలకుండా ఉన్న పడవలో కొలతలు తీసుకుని చదునైన పలకలు బిగిస్తారు. గాలికి పడవ 20 డిగ్రీలు ఒరిగిందా, అర మీటరు వెడల్పు పలక ఒక కొస రెండో కొసకంటే 17 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. పాదం పల్లానికి జారుతుంది. అందుకే మెట్టు రెండు కొసలనూ దోనెలా పైకి ఎత్తాలి. పడవ ఎటు ఒరిగితే అటు కొస మట్టమవుతుంది. ఆ ఎత్తు మీద పాదమంతా ఆనాలి. అందానికి రెండు వేళ్ల మేర ఎత్తితే చీలమండ మెలిక పడటమే మిగులుతుంది. మెట్ల వెనక మునివేళ్లు దూరే సందు వదలాలి. మెరిసే వార్నిష్ మీద గరుకు పట్టీలు అతికించక తప్పదు.

పట్టు: పై మెట్టు నుంచి గది నేల దాకా ఎక్కడ ఆగినా చేతికి ఒక కడ్డీ అందాలి.

వాష్‌బోర్డు: గుమ్మానికి అడ్డంగా గాడిలో దించే పలక. పాత కిరాణా కొట్టు పలకల్లాంటిదే. 1979 ఫాస్ట్‌నెట్ తెరచాప పడవల పందెంలో తుఫాను 15 మంది పోటీదారులను పొట్టన పెట్టుకుంది. తిరగబడిన కొన్ని పడవల్లో ఈ పలకలు ఊడి, గదుల్లోకి నీళ్లు దూకాయి. ఆ తర్వాత సముద్రపు పందేలకు, పలక గాడిలో నిలిచేలా గడియ, పడవకు కట్టే తాడు నియమమయ్యాయి. మెట్లు మార్చేటప్పుడు ఆ తాడు కట్టే కొక్కేన్ని పీకి పారేయకండి.

ఇంజిన్ మూత: చాలా పడవల్లో ఇంజిన్ ఈ మెట్ల వెనకే ఉంటుంది, మెట్లే దానికి తలుపు. కాబట్టి టేకు దిట్టంగా వాడి బరువెక్కించకూడదు. ఒక్కరే ఎత్తగలగాలి, ఎత్తాక పడిపోకుండా తగిలించే చోటు ఉండాలి. మెట్లు తీసి ఉన్నంతసేపూ పైనుంచి దిగబోయేవాళ్లకి కేకేసి చెప్పాలి.