కమాను నుంచి కాయిలోవర్ దాకా: గోదావరి పుంతల్లో స్ప్రింగు కథ

రామచంద్రపురం నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా, కొంత దూరం పోయేసరికి రోడ్డు ఏదో ఒక కాలవ గట్టును పట్టుకుంటుంది. ఒక పక్క నీళ్ళు, మరో పక్క పల్లంలో వరిచేలు. అటువంటి గట్టు మీద వేగంగా పోతున్న బండికి ముందు చక్రం దగ్గర ఏదైనా విరిగితే, బండి పోయి పడేది కాలవలోకైనా కావాలి, చేలోకైనా కావాలి. కనుక బండి కింద ఉండే స్ప్రింగు గురించి మాట్లాడడం ఈ సీమలో కేవలం యంత్రశాస్త్రం మాట్లాడడం కాదు.

పికప్ బండి ముందు భాగాన్ని విప్పి, సొంత లెక్కలతో కాయిలోవర్ సస్పెన్షన్ కట్టించి, రాళ్ళలోనూ బురదలోనూ నడిపించాలన్న సరదా ఇటీవలి కాలంలో మన రాష్ట్రంలోని కుర్రవాళ్ళకు కూడా పట్టుకుంది. ఆ విద్య ఇక్కడ పుట్టినది కాదు. అమెరికా నైరుతి ఎడారుల్లో, 1967లో మొదలైన బాహా పరుగు పందేల వంటి వాటి చుట్టూ అది పెరిగింది. ఐతే అది తీర్చవలసిన చిక్కు మాత్రం మనకు కొత్తది కాదు. గతుకును బండి మోయాలా, మనిషి మోయాలా, పశువు మోయాలా అన్నదే ఆ చిక్కు. దానికి గోదావరి డెల్టా చెప్పుకున్న జవాబులను వరుసగా చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది.

మొదటి జవాబు నీరు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పొలాలకు నీరివ్వడంతో ఆగలేదు. ఆర్థర్ కాటన్ దృష్టిలో కాలవ అంటే సేద్యానికీ రవాణాకూ కలిపి ఒకటే దారి. లాకులు కట్టి, పడవలు పోయేటట్లు కాలవలు తవ్వించారు. ధాన్యపు బస్తాలు, కొబ్బరికాయలు, కలప, మనుషులు అందరూ నీటి మీదే నడిచారు. పడవకు స్ప్రింగు అక్కరలేదు, నీరే దాని స్ప్రింగు. ఇక రెండవ జవాబు ఇనుప పట్టాలు. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి దాకా 1928లో రైలు వచ్చింది. 1940లో, యుద్ధ అవసరాల కోసమని ఆ పట్టాలను ఊడదీసి పట్టుకుపోయారు. మళ్ళీ రైలు రావడానికి 2004 దాకా ఆగవలసి వచ్చింది. ఈ మధ్యకాలంలో పడవలూ క్రమంగా తగ్గిపోయాయి. నీరూ పట్టాలూ మోసిన బరువు ఆ విధంగా మట్టి రోడ్ల మీదకు దిగింది.

మట్టి దారులంటే మన వైపు పుంతలు. వానాకాలంలో పుంత స్వరూపం తెలిసిన వారికి ఎడ్లబండి ఎందుకు అలా ఉండేదో చెప్పనక్కరలేదు. ఇరుసుకు స్ప్రింగు లేదు. ఉన్నదల్లా మనిషి గుండెల దాకా వచ్చే పెద్ద చక్రం. చక్రం ఎంత పెద్దదైతే గోతిలోకి అంత తక్కువగా దిగుతుంది, గట్టును అంత సులువుగా ఎక్కుతుంది. మిగిలిన కుదుపును కొంత కర్ర ఇరుసూ, కొంత బండిలో పరిచిన గడ్డీ, ఎక్కువ భాగం ఎద్దుల మెడలూ భరించాయి. స్ప్రింగు లేని బండి చవక అనుకుంటాం. కానీ దాని ఖరీదు ఎద్దు మెడ మీది కాయలో కనబడేది.

పట్టణాల్లో తిరిగిన జట్కాబండి సంగతి వేరు. దాని పెట్టె కింద విల్లులా వంగిన ఇనుప బద్దీలు ఉండేవి. రాబర్ట్ హుక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1678లో ప్రకటించిన సూత్రం మీదే ఇదంతా నడుస్తుంది: స్ప్రింగు ఎంత సాగితే అంత బలంతో ఎదురు తిరుగుతుంది. 1804లో లండనులో ఒబదయా ఎలియట్ అనే బండ్ల తయారీదారు దీర్ఘవృత్తాకారపు స్ప్రింగుల మీద బండి పెట్టెను నిలిపి పేటెంటు పొందాడు. మన వాళ్ళు ఆ బద్దీల బొత్తికి పెట్టుకున్న పేరు కమాన్ కట్ట. కమాన్ అంటే పారశీకంలో విల్లు. చూసిన వస్తువు ఆకారాన్ని బట్టి పేరు పెట్టిన ఆ మెకానిక్కెవరో గానీ, నిఘంటువులు రాసేవారి కంటే తక్కువవాడు కాదు.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్ళలో మహీంద్రా వారు బొంబాయిలో విల్లిస్ జీపులను కూర్చడం మొదలుపెట్టారు. రెండవ ప్రపంచ యుద్ధంలో పేరు తెచ్చుకున్న ఆ జీపుకు నాలుగు మూలలా కమాన్లే. లారీలకూ అవే. 2005లో వచ్చిన టాటా ఏస్‌కు కూడా ముందూ వెనకా కమాన్లే. ఇంత కాలం కమాను నిలబడడానికి కారణం దాని గొప్ప మెత్తదనం కాదు. అది ఒక్కటే మూడు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది, ఇరుసు అటూ ఇటూ జరగకుండా పట్టి ఉంచుతుంది, బద్దీ మీద బద్దీ రాసుకునే రాపిడితో ఊగును కొంత తగ్గిస్తుంది. పైగా ఒక బద్దీ విరిగితే మిగిలిన బద్దీల మీద బండి ఎలాగో ఊరు చేరుతుంది. ఊరు చేరాక కమ్మరి ఉన్నాడు. కొలిమిలో కాల్చి, దాకలి మీద వంపు సరిచేసి, పదును పెట్టి తిరిగి ఇస్తాడు. ఇక పనికిరాని బద్దీ కత్తిగానో కత్తిపీటగానో మారి ఏ ఇంటికో చేరుతుంది. ధాన్యం సీజనులో మరో రెండు బద్దీలు అదనంగా వేయించి బస్తాలు ఎక్కువ ఎత్తడం అందరికీ తెలిసినదే. ఆ బండి ఖాళీగా వచ్చేటప్పుడు గతుకు గతుకుకూ ఎగిరిపడుతుంది. బస్తాలకు చేసిన మేలు డ్రైవరు నడుముకు కీడయింది.

ఇక చుట్ట స్ప్రింగు. (గోదావరి వారు చుట్ట అనగానే వేరే అర్థం తీసుకోకూడదు!) 1930ల నుంచి కార్ల ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ రావడంతో దీని వాడకం విస్తరించింది. ఒక చక్రం గోతిలో దిగితే రెండవది దానితోపాటు ఒరగదు. షాక్ అబ్సార్బరు చుట్టూ చుట్ట స్ప్రింగును తొడిగి, రెండింటినీ ఒకే ముక్కగా చేసినదే కాయిలోవర్. ఐతే ఇది బరువు మోస్తుంది, ఊగును ఆపుతుంది, అంతే. చక్రాన్ని పట్టి ఉంచే పని దీనికి రాదు. దానికోసం పైనొకటి, కిందొకటి చేతులు, వాటి చివర బాల్ జాయింట్లు కావాలి. కమాను ఒంటరిగా చేసిన పనిని ఇక్కడ ఒక బృందం చేస్తుందన్నమాట.

చిక్కంతా ఆ బృందం లెక్కలోనే ఉంది. స్ప్రింగు తీగ మందం పదో వంతు పెరిగితే దాని బిగువు పదో వంతు పెరగదు, సుమారు 46 శాతం పెరుగుతుంది. ఎందుకంటే బిగువు మందానికి నాలుగో ఘాతాన్ని అనుసరిస్తుంది. బండి ఎత్తు తగ్గించడానికి ఒక చుట్టు కోసేస్తే స్ప్రింగు మెత్తబడుతుందనుకోవడం పొరపాటు. చుట్లు తగ్గిన కొద్దీ అది గట్టిపడుతుంది. ఇంకొకటి, కాయిలోవర్‌ను చేతి పొడవులో పదికి ఆరో వంతు దగ్గర బిగించామనుకుందాం. చక్రం 10 అంగుళాలు లేస్తే స్ప్రింగు 6 అంగుళాలే నలుగుతుంది. చక్రం దగ్గర తెలిసే బిగువు మాత్రం 60 శాతం కాదు, దాని వర్గం, అంటే 36 శాతమే. అలాగే, బండి సెకనుకు ఒక్కసారి మాత్రమే నెమ్మదిగా ఊగాలంటే, తన బరువుకు స్ప్రింగు సుమారు 25 సెంటీమీటర్లు కుంగగలగాలి. 6 సెంటీమీటర్లే కుంగితే సెకనుకు రెండు సార్లు ఊగుతుంది. మెత్తదనం కావాలంటే చక్రానికి పైకీ కిందికీ చోటు కావాలి. చోటు పెంచితే బ్రేకు గొట్టం పొడవు చాలదు, ఇరుసు జాయింటు కోణం దాటిపోతుంది, బాల్ జాయింటు విరిగే దాకా వంగుతుంది. కాయిలోవర్ పైకొనను నిలబెట్టడానికి ఛాసిస్‌కు అతికిన వెల్డింగు మీద బండి ముందు బరువంతా, గతుకు గతుకుకూ దెబ్బగా పడుతుంది.

ఈ కొత్త పద్ధతి పికప్పుల్లో మన రాష్ట్రంలోనే తయారైన ఉదాహరణ ఒకటి ఉంది. 2016లో శ్రీసిటీలో ప్రారంభమైన ఇసుజు కర్మాగారం నుంచి వచ్చిన డీమాక్స్ వీక్రాస్‌కు ముందు జోడు చేతులూ చుట్ట స్ప్రింగులూ, వెనక మాత్రం కమాన్లే. మనిషి కూర్చునే వైపు చుట్ట, బరువు వేసే వైపు కమాను! రెండు వందల ఏళ్ళ చరిత్ర ఒకే బండి కింద సర్దుకుని కూర్చున్నది.

ఇక్కడే చట్టం కూడా ప్రవేశిస్తుంది. తయారీదారు మొదట నిర్దేశించిన ప్రమాణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనును వ్యాఖ్యానిస్తూ సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. కనుక ఇంట్లో కట్టిన కాయిలోవర్‌తో రోడ్డెక్కడం నేరం కిందికే వస్తుంది. ఈ తీర్పు చేతిపనిని చంపుతుందని కొందరి వాదన. ఆ బాధలో కొంత నిజం లేకపోలేదు. మన మెకానిక్కులు పుస్తకం చూడకుండానే చేతితో బరువు తెలుసుకున్నవాళ్ళు. ఐనా నాకు తీర్పు వైపే మొగ్గు. కమాను విరిగేటప్పుడు బద్దీ బద్దీగా విరుగుతుంది, ముందుగా చెబుతుంది. వెల్డింగు ఊడేటప్పుడు చెప్పదు. పందెం మైదానంలో అలా జరిగితే ఆ నష్టం పందెగాడిది. కాలవ గట్టు మీద జరిగితే ఎదురుగా సైకిలు మీద బడికి పోయే పిల్లది.

ఐతే చేతిపనికి దారి మూసుకుపోయిందని నేననుకోను. కొలిమి దగ్గర ఇనుము రంగు చూసి పదును చెప్పగలిగిన వారి పిల్లలు ఐటీఐలలో, పాలిటెక్నిక్కులలో చదువుతున్నారు. ఆ చేతి జ్ఞానానికి ఈ నాలుగు లెక్కలు తోడైతే, పుంతకు తగిన స్ప్రింగును పుంత పక్క ఊరివాళ్ళే గీయగలరు, పరీక్షకు నిలబెట్టగలరు. ఎడారి కోసం పుట్టిన కాయిలోవర్‌కు మన బురద తెలియదు. మనకు తెలుసు. ఎద్దు మెడ నుంచి డ్రైవరు నడుముకు మారిన ఆ గతుకును ఇనుముకే వదిలిపెట్టే పని మాత్రం ఇంకా మిగిలే ఉంది.