మూగ సిలిండరు

నంద్యాల నుంచి మహానందికి 20 కిలోమీటర్లు కూడా లేదు. అయినా శివరాత్రి రోజుల్లో ఆ దారిన పోయిన అంబాసిడర్ కార్లెన్నో, ఒక్కో కారులో ఇరుక్కున్న మనుషులెందరో ఆ మహానందీశ్వరుడికే ఎరుక. దర్శనం చేసుకుని, నల్లమల ఘాటు మీదుగా గిద్దలూరు వైపు వెళ్లే కారు ఎగువలో ఉన్నట్టుండి కుంటడం మొదలెట్టిందంటే, లోపలున్న పెద్దవాళ్లు "దిష్టి" అనేవారు. డ్రైవరు మాత్రం చెవి రిక్కించి, "మిస్సింగు కొడుతోందండీ" అనేవాడు.

ఏమిటా మిస్సింగు? నలుగురు బోయీలు మోసే పల్లకీని తలుచుకోండి. ఒకడు భుజం తప్పించాడనుకోండి. పల్లకీ ఆగదు గానీ కుదుపు మొదలవుతుంది. మిగిలిన ముగ్గురి నడుమూ విరుగుతుంది. అంబాసిడర్ పెట్రోలు ఇంజనులోనూ బోయీలు నలుగురే. 1489 సీసీల ఆ ఇంజనులో సిలిండర్లు 1, 3, 4, 2 వరసలో మండుతాయి. నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కో సిలిండరులో సెకనుకు 25 సార్లు, మొత్తం మీద 100 సార్లు నిప్పురవ్వ పడాలి. వరసగా ఒకే సిలిండరు మూగబోతే అదే మిస్సింగు.

ఈ నిప్పురవ్వది పాత కథే. 1860లో పారిస్‌లో లెన్వార్ తన గ్యాస్ ఇంజనుకు కరెంటు రవ్వతోనే నిప్పంటించాడు. 1876లో జర్మనీలో ఆటో నాలుగు స్ట్రోకుల ఇంజను నడిపించాడు. 1909లో అమెరికాలోని డేటన్ ఊళ్లో చార్లెస్ కెటరింగ్, ఎడ్వర్డ్ డీడ్స్ కలిసి ఒక కంపెనీ పెట్టారు. బ్యాటరీ, కాయిలు, పాయింట్లతో రవ్వ పుట్టించే పద్ధతిని కార్లకు అలవాటు చేసింది వాళ్లే. ఆ కంపెనీ పొట్టిపేరు డెల్కో. మన షెడ్లలో డిస్ట్రిబ్యూటరును "డెల్కో" అంటారే, ఆ పేరు అక్కడిదన్నమాట! కంపెనీ చరిత్ర తెలియకపోయినా పేరు మాత్రం మన షెడ్లలో పాతుకుపోయింది.

ఇక దొంగను పట్టే విద్య చూడండి. ఇంజను నడుస్తుండగానే మెకానిక్కు ఒక్కో ప్లగ్గు వైరూ ఊడదీసి చూసేవాడు. వైరు తీయగానే ఇంజను ఇంకా నీరసించిందా, ఆ సిలిండరు పని చేస్తున్నట్టే. తీసినా ఏ తేడా రాలేదా, దొరికాడు దొంగ! సెలవు పెట్టినా ఎవరికీ తెలియని గుమాస్తా లాంటివాడు.

తర్వాత ఆ ప్లగ్గు విప్పి రంగు చూడాలి. లేత గోధుమ రంగయితే ఆరోగ్యం. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. నూనె జిడ్డుంటే రింగులు అరిగాయి. ప్లగ్గు బాగుంటే వైరు, డెల్కో మూత చూడాలి. బండి మొత్తం నీరసంగా ఉంటే పాయింట్లు గరుకుబారాయేమోనని ఉప్పు కాగితంతో రుద్ది, అంగుళంలో వెయ్యికి 15 వంతుల సందు పెట్టేవారు. వానాకాలం నల్లమలలో అయితే మొదటి మందు పొడిగుడ్డే. మహానంది కోనేట్లో నీళ్లుంటే పుణ్యం గానీ, డెల్కోలో నీళ్లుంటే ప్రయాణం అక్కడికి సరి.

ఆ అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పటి కార్లలో డెల్కో లేదు. చాలావాటిలో సిలిండరుకో కాయిలు. మిస్సింగును కారే కనిపెడుతుంది. దీని వెనక డ్రైవరు మీద దయ కంటే గాలి మీద బెంగ ఎక్కువ. మండని పెట్రోలు పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టరులో మండి దాన్నే కరిగిస్తుంది, విషం బయటికొస్తుంది. అందుకే అమెరికాలో 1996 మోడళ్ల నుంచి కార్లలో ఈ కాపలా తప్పనిసరి చేశారు. మన దేశంలో 2010 తర్వాత దశలవారీగా వచ్చింది.

ఇంతకీ ఆ కంప్యూటరు ఏం చేస్తుందనుకున్నారు? క్రాంకు షాఫ్టు తిరుగుడులో ఏ సిలిండరు వంతు వచ్చినప్పుడు వేగం తగ్గిందో లెక్కగడుతుంది. అంటే ఘాటులో మన డ్రైవరు చెవి రిక్కించి విన్న కుంటునడకనే వింటుందన్నమాట. విని, పీ0303 అని నంబరు చూపిస్తుంది. మూడో సిలిండరు మిస్సవుతోందని అర్థం.

చిక్కంతా ఇక్కడే ఉంది. నంబరు ఇంటిని చూపిస్తుంది గానీ దొంగను చూపించదు. మూడో కాయిలు తీసి రెండో దాని చోట పెట్టి మళ్లీ చూడాలి. నంబరు 0302కు మారితే కాయిలు దోషి. మారకపోతే ప్లగ్గూ, ఇంజెక్టరూ అదే పద్ధతిలో. అవీ బాగుంటే కంప్రెషన్ కొలవాలి. పక్కపక్క సిలిండర్లు రెండూ మూగబోతే హెడ్ గాస్కెట్ మీద అనుమానం. ఈ ఓపిక లేక నాలుగు కాయిళ్లూ మార్చేసి వేలకు వేలు బిల్లు వేస్తే, వాల్వు కాలిన ఇంజను ఇంటికెళ్లేలోగా మళ్లీ కుంటుతుంది.

ఒక హెచ్చరిక. ఇప్పటి కార్లలో వైర్లు పీకి చూసే పాత పద్ధతి పనికిరాదు. షాకూ ప్రమాదమే, కన్వర్టరుకూ ముప్పే. ఇంజను దీపం మినుకుమినుకుమంటే యాక్సిలరేటరు తగ్గించి, బండి పక్కకు తీసి ఆపండి. ఆపైన మెకానిక్కు నంబరు చదివి వినిపించినప్పుడు, "ఏ సిలిండరో తెలిసింది నాయనా, ఎందుకో చూశావా?" అని అడగండి. ఆ ప్రశ్నకు నీళ్లు నమలకుండా జవాబు చెప్పేవాడి చేతికే బండి తాళాలివ్వండి.