తీర్పు వేరు, చరిత్ర వేరు: మెంఫిస్ సివిల్ దావా

న్యాయస్థానం ఒక విషయాన్ని తేల్చితే చరిత్రలో కూడా అది తేలిపోయినట్టేనా? 1999లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో నడిచిన ఒక సివిల్ దావా మన ముందు ఈ ప్రశ్నే ఉంచుతుంది.

పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకు అండగా అక్కడికి వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ 1968 ఏప్రిల్ 4న లొరేన్ మోటెల్ బాల్కనీలో తుపాకి గుండుకు బలయ్యారు. 1969 మార్చిలో జేమ్స్ ఎర్ల్ రే నేరం ఒప్పుకొన్నాడు. 99 ఏళ్ల శిక్ష పడింది. నేరం ఒప్పుకున్నందువల్ల సాక్షులను పూర్తిగా విచారించే అవసరం రాలేదు. మూడు రోజులకే అతడు మాట మార్చాడు. కోరిన విచారణ దక్కకుండానే 1998లో మరణించాడు.

ఆ మోటెల్‌కు ఎదురుగా ఫలహారశాల నడిపిన లాయిడ్ జోవర్స్, కుట్రలో తనకూ పాత్ర ఉందని 1993లో టెలివిజన్‌లో చెప్పాడు. కింగ్ భార్య కొరెట్టా, పిల్లలు అతనిపై దావా వేశారు. అడిగిన పరిహారం కేవలం 100 డాలర్లు. వారికి కావలసింది డబ్బు కాదు, నిజం. దాదాపు 70 మంది సాక్ష్యాలు విన్న జ్యూరీ, జోవర్స్‌తో పాటు ప్రభుత్వ సంస్థలు సహా ఇతరులకూ కుట్రలో భాగం ఉందని డిసెంబరు 8న తీర్పు చెప్పింది.

ఈ తీర్పును ఎలా తూచాలి? సివిల్ దావాలో సందేహానికి తావులేని రుజువు అక్కరలేదు. ఏ పక్షం వాదన ఎక్కువ సంభావ్యమో చూస్తే చాలు. పైగా కుట్ర జరిగిందన్న మాటను ప్రతివాది న్యాయవాదే గట్టిగా ఎదిరించలేదు. తన కక్షిదారు పాత్ర స్వల్పమన్నదే ఆయన వాదన. ప్రభుత్వ సంస్థలు దావాలో కక్షిదారులు కావు కనుక వాటి తరఫున జవాబు చెప్పేవారే లేరు. 2000 జూన్‌లో అమెరికా న్యాయశాఖ, జోవర్స్ మాటలు పూటకో రకంగా ఉన్నాయనీ, నమ్మదగినవి కావనీ నివేదిక ఇచ్చింది.

అయితే కుటుంబం అనుమానాన్ని మనం తేలికగా కొట్టివేయలేం. ఎఫ్.బి.ఐ. కింగ్‌పై రహస్య నిఘా పెట్టి, ఆయన పరువు తీయడానికి ప్రయత్నించిందని 1976లో సెనేట్ కమిటీయే బయటపెట్టింది. కాల్చినది రేయే అని 1979లో ప్రతినిధుల సభ కమిటీ నిర్ణయించింది. దాని వెనుక కుట్ర ఉండి ఉండవచ్చునన్నది కూడా ఆ కమిటీయే. కాని ప్రభుత్వ సంస్థల ప్రమేయానికి దానికి ఆధారం దొరకలేదు.

నిఘా రుజువైంది, హత్యలో ప్రభుత్వ ప్రమేయం రుజువు కాలేదు. ఈ రెంటినీ కలిపేస్తే బాధితులకు న్యాయం చేసినట్టు కాదు, చరిత్రకు న్యాయం చేసినట్టూ కాదు. తీర్పు చదివేటప్పుడు ఎవరు గెలిచారన్న దానికంటే ముందు, ఎదురు ప్రశ్న వేసినవారు ఎవరని అడగడం మనం అలవరచుకోవాలి.