యూనిట్ 7: కౌమార ఉద్వేగాల చరిత్ర – శిక్ష నుంచి శిక్షణ దాకా

లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• ఉద్వేగ నియంత్రణ లోపం అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
• దానికి చికిత్స రూపొందిన క్రమాన్ని వివరించగలుగుతారు.
• చికిత్సకు, తరగతి గది బోధనకు ఉన్న తేడాను చర్చించగలుగుతారు.

7.1 పరిచయం

పరీక్ష తప్పిన కుర్రవాడు తలుపు వేసుకొని రెండు రోజులు బయటకు రాడు. స్నేహితురాలు పలకరించలేదని ఒక అమ్మాయి చేతిలోని ఫోనును నేలకేసి కొడుతుంది. కోపం, దుఃఖం, భయం అందరికీ సహజమే. అయితే చిన్న కారణానికే ఉద్వేగం ఉప్పెనలా లేవడం, చల్లారడానికి చాలా సమయం పట్టడం, ఆ ఊపులో తనకో ఇతరులకో హాని చేసుకోవడం తరచుగా కనిపిస్తే దానిని ఉద్వేగ నియంత్రణ లోపం అంటారు. పెద్దలు దీనికి పెట్టిన పేర్లు వేరు: పొగరు, మొండితనం, నాటకం. ఈ పాఠ రచయిత కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి విద్యార్థులను తరగతి బయట నిలబెట్టినవాడే. ఆ దృష్టి ఎలా మారిందో ఇక్కడ పరిశీలిద్దాం.

7.2 'తుఫాను వయసు' అనే భావన

అమెరికా మనోవైజ్ఞానికుడు జి. స్టాన్లీ హాల్ 1904లో కౌమార దశపై రెండు సంపుటాల గ్రంథం ప్రచురించాడు. ఈ వయసును ఆయన తుఫానుతో, అలజడితో పోల్చాడు. 1928లో మార్గరెట్ మీడ్ సమోవా దీవుల బాలికలపై రాసిన గ్రంథంలో, ఈ అలజడి అన్ని సమాజాల్లోనూ ఒకేలా ఉండదని వాదించింది. ఆమె నిర్ధారణలను డెరెక్ ఫ్రీమన్ 1983లో తీవ్రంగా విమర్శించాడు. వివాదం ఎలా ఉన్నా, అలజడికి వయసు ఒక్కటే కారణమా, పరిసరాల పాత్ర ఎంత అనే ప్రశ్న మాత్రం నిలిచింది.

7.3 రోగి నుంచి పరిశోధకురాలిగా

ఈ ప్రశ్నకు ఆచరణలో జవాబు వెతికినవారిలో ముఖ్యురాలు మార్షా లినెహాన్. 1943లో ఓక్లహామా రాష్ట్రం టల్సాలో జన్మించిన ఆమె, 1961లో 17 ఏళ్ల వయసులో హార్ట్‌ఫర్డ్‌లోని మానసిక వైద్యశాలలో చేరారు. అక్కడ 26 నెలలు ఉన్నారు. స్కిజోఫ్రీనియా అని నిర్ధారించి మందులు, విద్యుత్ చికిత్స ఇచ్చారు. ఒంటరి గదిలో ఉంచారు. అయినా తనను తాను గాయపరచుకోవడం ఆగలేదు. తరువాత చదువుకొని 1971లో షికాగోలోని లయోలా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు.

ఆత్మహత్యా ప్రయత్నాలు చేసిన స్త్రీలకు చికిత్స చేస్తున్నప్పుడు ఆమెకు ఒక చిక్కు ఎదురైంది. 'నువ్వు మారాలి' అంటే, తప్పంతా తమదే అంటున్నారని రోగులు బాధపడేవారు. 'నీ బాధ అర్థమైంది' అని ఊరుకుంటే మార్పు వచ్చేది కాదు. రెండింటినీ కలిపి ఆమె రూపొందించినదే గతితార్కిక ప్రవర్తనా చికిత్స, అంటే డి.బి.టి. పరస్పర విరుద్ధమైన రెండింటి నుంచి మూడో మార్గం పుట్టడమనే గతితర్కం చరిత్ర విద్యార్థులకు కొత్త కాదు.

పుట్టుకతో వచ్చిన సున్నితత్వానికి, బాధను కొట్టిపారేసే పరిసరాలు తోడైతే సమస్య ముదురుతుందని ఆమె సిద్ధాంతం. 'ఇంత దానికే ఏడుపా?', 'మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా?' అనే మాటలు మన ఇళ్లలోనూ వినబడేవే.

ఈ చికిత్సలో నాలుగు నైపుణ్యాలు నేర్పుతారు: ప్రస్తుత క్షణంపై ఎరుక, కష్టాన్ని ఓర్చుకోవడం, ఉద్వేగాన్ని అదుపు చేసుకోవడం, ఇతరులతో మెలగడం. మొదటిదానికి ఆధారం జెన్ సాధన. ఆ జపాను మాటకు మూలం మన 'ధ్యానం'. 1991లో వెలువడిన తొలి పరీక్షా ఫలితాల్లో, సాధారణ చికిత్స పొందినవారి కంటే డి.బి.టి. పొందినవారిలో స్వీయహాని తగ్గింది. మధ్యలో చికిత్స మానేసినవారూ తక్కువే. తన గతాన్ని ఆమె 2011లో, తాను రోగిగా ఉన్న వైద్యశాలలోనే బహిరంగంగా చెప్పారు.

7.4 కౌమారులకు అన్వయం

1990లలో అలెక్ మిల్లర్, జిల్ రేథస్ ఈ పద్ధతిని న్యూయార్క్‌లో కౌమారులకు అనుగుణంగా మార్చారు. ఏడాది చికిత్సను కొన్ని వారాలకు కుదించారు. తల్లిదండ్రులను కూడా పిల్లలతోపాటు శిక్షణలో కూర్చోబెట్టారు. పెద్దల పంతానికి, పిల్లల పంతానికి నడుమ దారి వెతకడాన్ని ఐదో నైపుణ్యంగా చేర్చారు.

2014లో నార్వేలో 77 మంది కౌమారులపై 19 వారాలు జరిగిన పరీక్షలో స్వీయహాని తగ్గినట్లు తేలింది. 2018లో అమెరికాలో 173 మందిపై వెలువడిన అధ్యయనంలో ఆరు నెలల నాటికి డి.బి.టి. మెరుగైన ఫలితమిచ్చింది; ఏడాది నాటికి ఇతర చికిత్సతో ఉన్న తేడా తగ్గిపోయింది. కాబట్టి ఇది మంత్రదండం కాదు, పని చేసే ఒక పద్ధతి.

7.5 తరగతి గదిలోకి

రోగులకు ఉపయోగపడిన నైపుణ్యాలను అందరికీ ముందే నేర్పితే మంచిది కదా అనే ఆలోచన సహజం. 2016లో జేమ్స్ మాజా బృందం పాఠశాలల కోసం 30 పాఠాల ప్రణాళిక ప్రచురించింది. అయితే ఆస్ట్రేలియాలో వెయ్యిమందికి పైగా విద్యార్థులతో ఎనిమిది వారాలు జరిపి, 2023లో ప్రచురించిన ప్రయోగం హెచ్చరికగా నిలిచింది. శిక్షణ ముగిసేసరికి ఆ పిల్లల్లో ఆందోళన, కుంగుబాటు, తల్లిదండ్రులతో సంబంధాలు మిగతావారి కంటే మెరుగుపడకపోగా కొంత దిగజారాయి. ఇంటి దగ్గర బాగా సాధన చేసినవారి పరిస్థితి మాత్రం కొంత మెరుగు. అంటే వారానికో పాఠం చెప్పి వదిలేస్తే చాలదు. సాధన, ఇంటివారి తోడు లేని బోధన ఉన్న గాయాన్ని గుర్తుచేసి ఊరుకుంటుంది.

7.6 భారతదేశంలో

మన చట్టంలోనూ శిక్ష నుంచి సహాయం వైపు ఇలాంటి ప్రయాణమే కనిపిస్తుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 309వ సెక్షన్ ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, అలా ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లే ముందుగా భావించాలని, ఆ వ్యక్తికి సంరక్షణ అందించడం ప్రభుత్వ బాధ్యత అని చెప్పింది. 2022 అక్టోబరు 10న టెలి మానస్ సేవ ప్రారంభమైంది. 14416 నంబరుకు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంటర్మీడియట్ మార్కులే జీవితమన్నట్లు పిల్లలను పెంచే మన ప్రాంతంలో చట్టం మారినంత వేగంగా ఇల్లు, కాలేజీ మారలేదు. మీలో చాలామంది రేపటి ఉపాధ్యాయులు, ఇప్పటికే తల్లిదండ్రులు. ఏడ్చే పిల్లవాడికి మీరు చెప్పే మొదటి మాట కూడా ఈ చరిత్రలో భాగమే.

7.7 సారాంశం

ఉద్వేగ నియంత్రణ లోపం స్వభావ దోషం కాదు. సున్నితత్వం, పరిసరాలు కలిసి కలిగించే స్థితి. బాధను ఒప్పుకోవడం, మార్పు నేర్పడం రెండూ కలిసినప్పుడే చికిత్స ఫలించింది. బోధన మంచిదే కానీ అది చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు.

మాదిరి ప్రశ్నలు

1. లినెహాన్ ఎదుర్కొన్న చిక్కు ఏమిటి? దానిని ఎలా పరిష్కరించారు?
2. కౌమారుల చికిత్సలో తల్లిదండ్రులను ఎందుకు చేర్చారు?
3. ఆస్ట్రేలియా ప్రయోగం నుంచి ఉపాధ్యాయులు గ్రహించవలసినది ఏమిటి? మీ అనుభవంతో చర్చించండి.