ఖాళీ వరుస, ఆఖరి వరుస

మన ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో 1990ల తొలినాళ్లలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 'ఆర్' అనే కంప్యూటర్ భాషకు శ్రీకారం చుట్టారు. ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరమే దాని పేరు. 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది.

పాత సీపీ/ఎం యంత్రాల్లో పాఠం ముగిసిన చోట కంట్రోల్-జెడ్ గుర్తు ఉండేది. ఆర్‌లో అలాంటి గుర్తేమీ లేదు. తెరిచిన ఫైలును 'రీడ్‌లైన్స్'తో ఒక్కో వరుసే అడిగితే, ఖాళీ వరుసకైనా ఒక జవాబు వస్తుంది, జవాబు పొడవు 1. ఫైలు అయిపోతే పొడవు 0.

ఈ తేడా తెలియక, ఒక ఉగాదికి మూడు ఊళ్ల జాబితాలు కలుపుతూ, రెండో ఫైలు మధ్యలోని ఖాళీ వరుసనే ముగింపనుకున్నాను. ప్రోగ్రాం మూడో ఫైలుకు దూకేసింది. హామిల్టన్‌లో సగం ఇళ్లకు పిలుపే అందలేదు. ఫోన్లు చేసి క్షమాపణ చెప్పుకున్నాను. "పర్లేదు బాబూ, పచ్చడి మేమే చేసుకున్నాం" అన్నారొక పిన్నిగారు.